తుమ్ముతున్న చిలుకకి బలం కోసం ఏం పెట్టాలి?

ప్రశ్న: మాది రాజాం. ఏడాదిన్నరగా కాకటీల్ చిలుకను పెంచుతున్నాం. పొద్దుతిరుగుడు గింజలు, కొర్రలు తప్ప ఏమీ ముట్టదు. మేం తినేటప్పుడు మాత్రం పెరుగన్నం, బిస్కెట్ ముక్క తింటుంది. వారం నుంచి తుమ్ముతోంది, ఈకలు ఉబ్బించుకుని ఓ మూల కూర్చుంటోంది. కోళ్ల మందుల షాపులో ఇచ్చిన టెట్రాసైక్లిన్ పొడి నీళ్లలో కలిపి పెడుతున్నాం. బలానికి జీడిపప్పు, బాదం పెట్టవచ్చా? ఎంత పెట్టాలి? - ఒక పాఠకురాలు

జవాబు: జీడిపప్పు సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ పొడి ఆపి, పిట్టను డాక్టరుకు చూపించండి. పిట్టలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటోందంటే ఇక దాచుకునే ఓపిక లేదన్నమాట. ఊపిరితోపాటు తోక పైకీ కిందకీ ఊగుతున్నా, నోరు తెరిచి గాలి పీలుస్తున్నా ఒక్క పూట కూడా ఆగొద్దు. వారం ఆగడమే ఎక్కువ.

జబ్బు చేసిన పిట్ట నీళ్లు సరిగ్గా తాగదు, రుచి మారితే అసలే తాగదు. ఇక మందు ఎంత లోపలికి పోయిందో ఎవరు చెప్పగలరు? కోడికి చెప్పిన మోతాదు వంద గ్రాముల పిట్టకి పనికిరాదు. పైగా అరకొరగా మందు పడితే తర్వాత చేసే పరీక్షలో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. చిలుకలకు సిటకోసిస్ అనే ఇన్ఫెక్షన్ వస్తుంది. దానికి డాక్సీసైక్లిన్ మామూలుగా 45 రోజులు వాడిస్తాం. నాలుగు రోజులకు తుమ్ములు తగ్గాయని పొడి మానేసి, మళ్లీ ముదిరాక తెచ్చేవాళ్లే ఎక్కువ.

ఆ జబ్బు మనుషులకూ అంటుకుంటుంది, ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే చాలు. బోను ఎవరు శుభ్రం చేస్తున్నారో మీరు రాయలేదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు ఉంటే, ఇంట్లో చిలుక ఉందని వాళ్ల డాక్టరుకు ముందే చెప్పండి. బోను పొడిగా ఊడవకుండా నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని తుడవండి. మీ చిలుకకు అదే జబ్బని చూడకుండా నేను అనలేను. అనుమానం తీర్చుకోవాలి, అంతే.

రెండో అనుమానం తిండి మీద. గింజల్లో విటమిన్ ఎ దాదాపు ఉండదు, కాల్షియం బాగా తక్కువ. పొద్దుతిరుగుడులో కొవ్వెక్కువ. విటమిన్ ఎ చాలకపోతే ముక్కు, నోటి లోపలి పొర దెబ్బతిని తుమ్ములు, నోట్లో తెల్లమచ్చలు వస్తాయి, ఇన్ఫెక్షన్లు తేలిగ్గా పట్టుకుంటాయి. ఏ యాంటీబయాటిక్ పొడీ ఆ లోటు తీర్చదు. అలాగని విటమిన్ చుక్కలు కొని మీరే వేయకండి, ఎక్కువైనా ప్రమాదమే.

కోలుకున్నాక మునగాకు, తోటకూర, క్యారెట్ తురుము, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ అలవాటు చేయండి. చిలుకల కోసం చేసిన పెల్లెట్లు (గుళికల్లాంటి దాణా) తిండిలో సగమైనా ఉంటే మంచిది. కొర్రలు, చోళ్లు కొద్దిగా ఉండొచ్చు. జీడిపప్పైనా బాదమైనా ఉప్పు లేనిది, గోరంత ముక్క, అదీ ఎప్పుడో ఒకసారి. బలం మాట అటుంచి, రోజూ పెడితే కాలేయానికి కొవ్వు పడుతుంది. పెరుగన్నం, బిస్కెట్ మానేయండి. అవకాడో, చాక్లెట్, టీ, ఉల్లి, వెల్లుల్లి దగ్గరకు రానీయొద్దు.

ఇదంతా ఇప్పుడే మొదలుపెట్టకండి. నీరసంగా ఉన్నప్పుడు తినేదే తిననివ్వాలి. ఆకలేస్తే అదే తింటుందిలే అని గింజలు తీసేస్తే చిన్న పిట్ట ప్రాణం మీదికొస్తుంది. మార్పు వారాల మీద, కొంచెం కొంచెంగా జరగాలి. గిన్నె నిండుగా కనిపించినా నమ్మకండి. చిలుక పప్పు తిని పొట్టును అదే గిన్నెలో వదిలేస్తుంది. ఒకసారి ఊది చూడండి, అడుగున ఎన్ని గింజలు మిగిలాయో తెలుస్తుంది. రోజూ పొద్దున్నే తిండికి ముందు గ్రాముల కాటా మీద తూచి రాసుకోండి. 90 గ్రాముల పిట్ట 81కి దిగిందంటే మళ్లీ చూపించాల్సిందే.

మీకు చీపురుపల్లి మీదుగా గరివిడి పశువైద్య కళాశాల ఉంది. పక్షులను ఎప్పుడు చూస్తారో కనుక్కుని బయల్దేరండి. బైకు మీద గాలికి బోను పట్టుకెళ్లకండి. గాలి ఆడే కన్నాలున్న అట్టపెట్టెలో, అడుగున తెల్లకాగితం వేసి తీసుకెళ్లండి. దాని మీద పడిన రెట్ట డాక్టరు చూడాలి. ఆ పొడి ప్యాకెట్ కూడా వెంట ఉండాలి.