రాంగ్ రూట్‌లో వచ్చింది ఆయన, కేసు నా మీదా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది మణికొండ. ఆదివారం పొద్దున్నే నార్సింగి అవతల రాళ్ళగుట్టల్లో మౌంటెన్ బైక్ తొక్కుతుంటాను. అక్కడ మా గ్రూపువాళ్ళు వేసుకున్న 4 కిలోమీటర్ల లూప్ ఉంది. ఎడమవైపు నుంచి ఎక్కి కుడివైపు దిగాలని మొదట్లోనే ఒక బండమీద బాణం గుర్తు పెయింట్ చేశారు. వాకింగ్‌కి వచ్చేవాళ్ళు, గేదెలు తోలుకెళ్ళేవాళ్ళు కూడా అదే దారి వాడతారు. నెల కిందట నేను బాణం ప్రకారమే దిగుతుంటే మలుపులో ఒకాయన సైకిలు మీద ఎదురెక్కుతూ వచ్చారు. బ్రేకులు వేసినా టైర్లు జారాయి, ఇద్దరం గుద్దుకున్నాం. ఆయనకి కాలర్ బోన్ విరిగి ప్లేటు వేశారు. నా సైకిలు ముందు ఫోర్కు పోయింది. ఇప్పుడు ఆయన బావమరిది ఫోన్ చేసి 3 లక్షలు ఇస్తారా, పోలీసు కేసు పెట్టమంటారా అంటున్నాడు. రాంగ్ రూట్‌లో వచ్చింది ఆయన కదా, నా మీద కేసు ఎలా నిలుస్తుంది? హెల్మెట్ కెమెరాలో అంతా రికార్డయింది. నా ఫోర్కు డబ్బులు నేను అడగొచ్చా?

జవాబు: మీ ధైర్యమంతా ‘రాంగ్ రూట్’ అన్న మాట మీద ఉంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. రాంగ్ రూట్ అనేది రోడ్డు మాట. అధికారం ఉన్నవాళ్ళు వన్‌వే అని ప్రకటించి బోర్డు పెట్టిన రోడ్డుకే అది సరిపోతుంది. మీ గ్రూపువాళ్ళు బండమీద వేసిన బాణాన్ని ఎవరైనా దాటితే చలానా రాసే దిక్కు లేదు. అలాగని ఆ బాణం ఉత్తిదేం కాదు. అక్కడ తిరిగేవాళ్ళ అలవాటు ఏమిటి, ఎదురుగా మనిషి వస్తాడని మీరు ఎంతవరకు ఊహించాలి అన్నప్పుడు అది మంచి సాక్ష్యం. సాక్ష్యం వరకే. మీకు హక్కు ఇచ్చేది మాత్రం కాదు.

కోర్టు చూసేది వేరు. మలుపు దగ్గర మీకు ముందు ఎంత దూరం కనిపిస్తోంది, ఆ దూరంలో ఆగగలిగే వేగంలో ఉన్నారా? గేదెలు, వాకింగ్ వాళ్ళు అదే దారిలో వస్తారని మీరే రాశారు. గేదెకి బాణం తెలియదు. ఆయన బదులు ఆ మలుపులో గేదె ఉన్నా, కర్ర పట్టుకున్న ముసలాయన ఉన్నా మీరు ఆగలేకపోయేవారు కదా అని అవతలి లాయరు మిమ్మల్ని బోనులో అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోండి, మిగతాదంతా తర్వాత.

ఇక దారి మర్యాద సంగతి. శ్రీశైలం ఘాట్‌లో దిగే బండి పక్కకి ఆగి ఎక్కే బస్సుకి దారివ్వడం మనమంతా చూసిందే. 1989 నాటి రోడ్డు నియమాల్లో ఆ మాట రాసే ఉంది: కొండ దారి ఇరుకైన చోట దిగే బండే ఆగాలి. వాటి స్థానంలో 2017లో కొత్త నియమాలు వచ్చాయి. ఇవన్నీ మోటారు బళ్ళ కోసం రాసినవి, మీ సైకిలుకి నేరుగా తగలవు. కానీ మౌంటెన్ బైకు వాళ్ళ ఆచారమూ ఇదే. 1988లో అమెరికాలో మొదలైన అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘం, ఇంబా అంటారు, పెట్టిన ట్రెయిల్ నియమాల్లో సైకిలు మనిషి నడిచేవాళ్ళకి దారివ్వాలి, దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి అని ఉంది. ఎక్కేవాడు ఒకసారి ఆగితే మళ్ళీ ఆ ఏటవాలులో ఊపందుకోవడం కష్టం, దిగేవాడికి ఆ బాధ లేదు.

మీకు పనికొచ్చే మాట కూడా ఆ నియమంలోనే ఉంది. వన్‌వే అనో, దిగడానికి మాత్రమే అనో స్పష్టంగా బోర్డు పెట్టిన దారికి ఈ ‘ఎక్కేవాడికి దారి’ అన్నది వర్తించదు. అమెరికాలో ఇలాంటి ఏర్పాట్లు గట్టిగానే చేస్తారు. నార్త్ కరోలినాలోని త్సాలి అనే చోట గుర్రాలూ సైకిళ్ళూ ఎదురుపడకుండా రోజు మార్చి రోజు దారులు పంచుతారు. అక్కడ బోర్డు చూడలేదంటే ఎవరూ నమ్మరు. మీ దగ్గరో? బాణం ఒక్క బండమీదే ఉందా, ప్రతి అడ్డదారి దగ్గరా ఉందా? ఆయన మధ్యలోని కాలిబాట నుంచి లూప్‌లోకి వచ్చి ఉంటే బాణం ఆయనకి కనపడే అవకాశమే లేదు. మీ వాదన నిలుస్తుందా లేదా అన్నది దీనిమీదే ఉంది.

పోలీసు కేసు విషయానికి వస్తే, పెట్టొచ్చు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఎముక విరిగితే 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయం. దుడుకుగానో నిర్లక్ష్యంగానో ఎదుటివారి ప్రాణానికి, భద్రతకి ప్రమాదం తెచ్చి అలాంటి గాయం చేస్తే 125(బి) కింద 3 ఏళ్ళ వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 281వ సెక్షన్ కూడా రాస్తారేమో. అది ప్రజలు తిరిగే దారిలో దుడుకుగా బండి నడపడం గురించి. అది ప్రైవేటు భూమి అయితే ‘ప్రజల దారి’ అవునా కాదా అని మీ లాయరు వాదించొచ్చు. 125కి ఆ పేచీ లేదు, ఎక్కడైనా తగులుతుంది. రెండూ బెయిలబుల్ నేరాలే. ఇలాంటి వాటిలో మామూలుగా ముందు నోటీసు ఇచ్చి పిలుస్తారు, కాబట్టి రాత్రికి రాత్రి ఎత్తుకెళ్తారేమో అన్న టెన్షన్ వద్దు. ఇంకో మాట, ‘ఆయనదీ తప్పే’ అంటే క్రిమినల్ కేసు కొట్టేయరు. కానీ శిక్ష పడాలంటే చిన్నపాటి పొరపాటు చాలదు, నిర్లక్ష్యం మోతాదు ఎక్కువ ఉందని వాళ్ళు రుజువు చేయాలి.

నష్టపరిహారం దగ్గర మాత్రం ఆయన తప్పు మీకు బాగా పనికొస్తుంది. సైకిలు మోటారు వాహనం కాదు, కాబట్టి ఆయన యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్ళలేరు, సివిల్ కోర్టులో దావా వేయాలి. గడువు 3 ఏళ్ళు. ఇద్దరివీ బ్యాటరీ లేని సైకిళ్ళే అనుకుని ఇలా చెబుతున్నాను. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉన్నంతవరకే బ్యాటరీ సైకిలు ఈ మినహాయింపులో ఉంటుంది, అది దాటితే లెక్క మారుతుంది. దావాలో జడ్జిగారు ఇద్దరి తప్పునీ తూకం వేస్తారు. మాటవరసకి నష్టం 3 లక్షలని తేలి, ఆయన తప్పు 40 శాతం అన్నారనుకోండి, మీరిచ్చేది 1 లక్షా 80 వేలు. మీ ఫోర్కు డబ్బులు అదే దావాలో కౌంటర్ క్లెయిమ్‌గా, అంటే ఎదురు దావాగా అడగొచ్చు, వేరే కేసు అక్కర్లేదు. గ్రూపులో చేరేటప్పుడు ‘నా రిస్కు నాదే’ అని ఫారం నింపారేమో చూడండి. అది మీకూ గ్రూపుకీ మధ్య కాగితం, ఆయనకీ మీకూ మధ్య గొడవలో అక్కరకు రాదు.

వీడియో గురించి కాస్త గట్టిగా చెప్పాలి. కెమెరా మీకు సాక్షి అనుకుంటున్నారు, ఆయనకీ సాక్షే. దాని మూలన వేగం అంకె కనిపిస్తే అది కూడా కోర్టు చూస్తుంది. ఆ ఉదయం రైడ్లు రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో ‘బెస్ట్ టైమ్’ అని పెట్టి ఉంటే అదీ బయటపడుతుంది. పెట్టి ఉంటే ఇప్పుడు తీసేయకండి, సాక్ష్యం మాయం చేయడం అసలు ప్రమాదం కంటే పెద్ద తలనొప్పి. మెమరీ కార్డు కెమెరాలోంచి తీసి కవర్లో పెట్టి పక్కన పడేయండి, మళ్ళీ అందులో రికార్డు చేయొద్దు. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపించే కోడ్ రాయాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీ పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒరిజినల్ ఏదమ్మా అంటే ఫోన్ మార్చామండీ అంటారు.

బావమరిదికి ఫోన్లో ఏమీ ఒప్పుకోవద్దు, తిట్టొద్దు కూడా. పళ్ళు పట్టుకుని ఆయన్ని ఒకసారి చూసి రండి, భుజం ఎలా ఉందో అడగండి. తప్పు ఎవరిదన్న మాట అక్కడ ఎత్తకండి, ‘సారీ, నాదే తప్పు’ అని మెసేజ్ అసలే పెట్టకండి. ఆస్పత్రి బిల్లులు చూపించమనండి, 3 లక్షల్లో అసలు ఖర్చెంతో అప్పుడు తెలుస్తుంది. మాట కుదిరేలా ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీ మీద అప్పీలు ఉండదు. ఈలోపే ఎఫ్ఐఆర్ అయిపోతే, 125 కింద కేసుని కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. 281ని అలా చేసుకోలేరు, దానికి హైకోర్టుకి వెళ్ళాలి. అందుకే ఏ సెక్షన్లు రాశారో కాపీ చూశాకే డబ్బు సంగతి మాట్లాడండి. ఇచ్చేది బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఆ గుట్ట ఎవరిదో కూడా కనుక్కోండి. రిజర్వు అడవి అయితే అనుమతి లేకుండా వెళ్ళడమే తప్పవుతుంది, అది ఇద్దరికీ తగిలేదే. ముందుగా ఈ వారంలోనే పొద్దున ఆ ప్రమాదం జరిగిన వేళకే వెళ్ళి, బాణం ఉన్న బండని ఎక్కేవాడి వైపు నుంచి, దిగేవాడి వైపు నుంచి ఫొటోలు తీయండి. మలుపు దగ్గర టేపు పట్టి ఎంత దూరం కనిపిస్తోందో కొలవండి. మీ గ్రూపులో ఎవరైనా ఉత్సాహవంతుడు ఇప్పుడే కొత్త పెయింట్ వేసి, అడ్డొచ్చిన కొమ్మలు కొట్టేసేలోపు ఈ పని అయిపోవాలి.