కాపలా కుక్క ముక్కు ఎండితే జ్వరమేనా?

ప్రశ్న: మా గొర్రెల మందకు కాపలా ఉండే కుక్క ముక్కు పగలంతా తడిగా, చల్లగా ఉంటుంది. వారం రోజులుగా తెల్లవారుజామున మాత్రం పొడిగా ఉంటోంది. తిండి మానలేదు. గేదె ముట్టె ఎండితే జ్వరమంటాం కదా, కుక్కకూ అంతేనా? అసలు ఆ తడి దేనికి?
– గొర్రెల పెంపకందారు, అనంతపురం జిల్లా

జవాబు: గేదె విషయంలో నమ్మదగిన ఆ గుర్తును కుక్క విషయంలో అంతగా నమ్మలేము. ఆవు, గేదెల ముట్టె చర్మంలోనే నీటిని స్రవించే గ్రంథులు ఉన్నందున, ఆరోగ్యంగా ఉన్న పశువు ముట్టెను గుడ్డతో తుడిచినా కాసేపటికే మళ్లీ చెమట బిందువులు పేరుకుంటాయి. జ్వరం వస్తే ఆ స్రావం తగ్గి ముట్టె ఎండిపోతుంది. కుక్క ముక్కు కొనపై చర్మంలో అటువంటి గ్రంథులు లేవు. ముక్కు లోపలి గ్రంథుల స్రావం, కంటి నుంచి సన్నని నాళం గుండా దిగే కన్నీరు, మాటిమాటికీ నాకడం వల్ల అంటే లాలాజలం కలిసి ఆ తడి ఏర్పడుతుంది. నిద్రలో కుక్క ముక్కు నాకదు కనుక, లేచిన వెంటనే పొడిగా ఉండటం సహజమే. చలిమంట పక్కన పడుకున్నా అంతే.

గాలిలోని వాసన కణాలు తడికి సులువుగా అంటుకుంటాయి. అంతేకాక, తడి ఆవిరవుతుండటం వల్ల, 30 డిగ్రీల సెల్సియస్ ఎండలో సైతం ముక్కు కొన పరిసరాల కన్నా సుమారు 5 డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం ఒంటి వేడిని తగ్గించడానికి చాలదు, అందుకు కుక్క నాలుక చాపి రొప్పవలసిందే. మరి దాని ప్రయోజనం దూరంలోని వేడిని పసిగట్టడమేమో అన్న దానికి 2020లో స్వీడన్, హంగేరీ శాస్త్రవేత్తలు ఆసక్తికరమైన ఆధారం చూపారు: శిక్షణ పొందిన మూడు కుక్కలు, పరిసరాల కన్నా వెచ్చగా ఉన్న వస్తువును సుమారు 1.6 మీటర్ల దూరం నుంచే, కేవలం దాని వేడిని బట్టి పసిగట్టాయి.

జ్వరం అనుమానమైతే థర్మామీటరును మలద్వారంలో ఉంచి చూడండి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ సాధారణం. 103 దాటితే పశువైద్యుని సంప్రదించండి. మనుషుల జ్వరం మాత్రలు మాత్రం వేయకండి, అవి కుక్కకు ప్రమాదకరం. మందలో తిరిగే కుక్క కాబట్టి చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులను వెతకండి. వాటి వల్ల వచ్చే జ్వరంలో ముక్కు నుంచి రక్తం కారవచ్చు. చిక్కటి చీమిడి, కళ్లలో పుసి కనిపించినా, ముక్కు చర్మం గట్టిపడి పగిలినా డిస్టెంపర్‌ను (కుక్కలకు సోకే ప్రమాదకరమైన వైరస్ జబ్బును) అనుమానించాలి. చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేకపోతున్న కుక్క ముక్కును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తాకి చూడవద్దు. అది రేబిస్ కావచ్చు.