పల్లె ఓటు, పట్నం ఓటు: కొత్త ఊరికి వెళ్తున్న మేనకోడలికి

చి. సౌ. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. జూలైలో ఫిలడెల్ఫియా ఖాళీ చేసి ఆ చిన్న ఊరి ఆస్పత్రిలో చేరుతున్నావని అక్క చెప్పింది. మొన్న ఫోన్లో నువ్వడిగావు చూడు, "మామయ్యా, అక్కడ ఇంటింటి ముందూ ట్రంప్ బోర్డులేనట, మూడేళ్లు ఎలా ఉండాలి? అసలు వాళ్లెందుకలా ఓటేస్తారు?" అని. నవ్వేసి ఊరుకున్నాను గానీ, అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. పెన్సిల్వేనియా కొండల్లో అలాంటి ఊళ్లోనే ఇరవై ఆరేళ్లు పనిచేశాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నేనూ నీలాగే జే-1 వీసా (శిక్షణకి వచ్చే విదేశీ డాక్టర్లకి ఇచ్చేది) మినహాయింపు మీద పల్లెకి పోయినవాణ్ణే. 1994లో నార్త్ డకోటా సెనెటర్ కెంట్ కాన్రాడ్ పెట్టించిన పద్ధతి అది. డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేస్తే, రెండేళ్లు స్వదేశానికి వెళ్లి కూర్చోవాలన్న షరతు పోతుంది. మన తెలుగు డాక్టర్లు చాలామంది అమెరికా పల్లెని చూసింది ఆ దారినే. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన సాఫ్ట్‌వేర్ చుట్టాలకి ఆ అమెరికా తెలియదు. వాళ్ల మాటలు విని టెన్షన్ పెట్టుకోకు.

ముందు టీవీలో చూపించే ఆ ఎర్ర (ట్రంప్ పార్టీ రిపబ్లికన్లు), నీలం (బైడెన్ పార్టీ డెమొక్రాట్లు) మ్యాపుని మనసులోంచి తీసెయ్. దాంట్లో రంగు వేసేది నేలకి, మనుషులకి కాదు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. టెక్సస్‌లో లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల్లో తేలినవాళ్లు 64 మంది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటి మంది. మ్యాపులో రెండూ ఒక్కో గడే. ఎక్కడో ఎందుకు, మన పెన్సిల్వేనియానే చూడు. 2020లో ఫిలడెల్ఫియాలో బైడెన్‌కి 81 శాతం పడితే, మేరీలాండ్ సరిహద్దున కొండల్లో ఉన్న ఫుల్టన్ కౌంటీలో ట్రంప్‌కి 85 శాతం పడింది. శాతాలు చూస్తే ఇది వేరే దేశం, అది వేరే దేశం. ఓట్లు లెక్కపెట్టు. ఫుల్టన్‌లో ట్రంప్‌కి వచ్చినవి ఏడు వేల లోపు. చిత్తుగా ఓడిన ఫిలడెల్ఫియాలో వచ్చినవి లక్షా ముప్పై వేల పైన! నువ్వు మూడేళ్లుగా తిరుగుతున్న ఊళ్లోనే ఆయన ఓటర్లు ఫుల్టన్‌కి దాదాపు ఇరవై రెట్లున్నారు. నీకు కనిపించలేదంటే వాళ్లు బోర్డు పెట్టుకోలేదు, అంతే. అలాగే ఫుల్టన్‌లోనూ వెయ్యి మందికి పైగా బైడెన్‌కి వేశారు. వాళ్లూ బోర్డు పెట్టరు. రేపు బీపీ చూపించుకోడానికి నీ దగ్గరికొచ్చే పదిమందిలో ఒకరిద్దరు అలాంటివాళ్లే కావచ్చు. ఎవరో నీకు తెలియదు. అందుకని మొహం చూసి, టోపీ చూసి లెక్క కట్టకు.

ఇక అసలు ప్రశ్న. దానికి జవాబు నాకు సెప్టిక్ ట్యాంకులో దొరికింది. నవ్వకు.

తెనాలిలో పుట్టి, గుంటూరులో చదివి, ఫిలడెల్ఫియా అపార్టుమెంట్లో రెసిడెన్సీ చేసినవాణ్ణి. పెరట్లో నేలకింద ట్యాంకు ఒకటుంటుందనీ, దాన్ని మూడు నాలుగేళ్లకోసారి ఖాళీ చేయించాలనీ నాకేం తెలుసు? ఇల్లు కొన్న రెండో ఏడు థాంక్స్‌గివింగ్‌కి (నవంబర్ చివర్లో వచ్చే పండగ) చుట్టాలు పన్నెండు మంది దిగారు. మర్నాడు పొద్దున్నే కింది బాత్‌రూమ్‌లో నీళ్లు వెనక్కి తన్నాయి. మీ అత్తయ్య మొహం నేనిప్పటికీ మరిచిపోలేదు. ట్యాంకర్ తోలుకొచ్చిన పెద్దాయన గడ్డిలో ఇనపకడ్డీతో పొడుస్తూ మూత ఎక్కడుందో వెతికి పట్టుకుని, "డాక్టర్, ఈ ఊళ్లో ఎవడిది వాడే చూసుకోవాలి" అన్నాడు. ఆ తర్వాత మురుగు ఇంకే నేల కూడా పాడైందని తేలింది. టౌన్‌షిప్ (మన పంచాయతీ లాంటిది) పర్మిట్, గోతులు తవ్వి మట్టి పరీక్ష, దానికో ఫీజు, మళ్లీ వచ్చి చూసినందుకు ఇంకో ఫీజు.

నీళ్లు నా బావివి. చెత్తబండికి డబ్బులు నావి. ఒక జనవరి రాత్రి పొగగొట్టంలో నిప్పంటుకుంటే ఫైర్ ఇంజన్‌లో వచ్చిన నలుగురూ జీతం లేని వాలంటీర్లే. ఒకాయనకి మాంసం కొట్టుంది, ఒకాయన స్కూల్ బస్సు నడుపుతాడు. మూడో ఆయనకి అంతకు నెల ముందే స్టెంటు వేయించాను. నిచ్చెన ఎక్కొద్దని కింద నుంచి నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన ఎక్కేశాడు. ఇలాంటి చోట ప్రభుత్వం అన్నది మనిషికి ఫీజుగానో, కాగితంగానో, 'కుదరదు' అన్న మాటగానో ఎదురవుతుంది. నీకు ఫిలడెల్ఫియాలో అలా కాదు. పొద్దున లేస్తే సబ్‌వే, కుళాయి, చెత్తబండి, సైరన్. పక్కవాడి పాటలు, పక్కవాడి కుక్క, పార్కింగు గొడవ, వీటన్నిటికీ రూలు లేకపోతే అక్కడ ఒక్కరోజు గడవదు. పక్కిల్లు అరమైలు దూరంలో ఉన్నవాడికి ఆ రూలు దేనికో అర్థం కాదు. ఇద్దరూ తాము చూసిందే మాట్లాడుతున్నారు.

తుపాకీ సంగతీ అంతే. నువ్వు ట్రామా వార్డులో చూసిన తుపాకీ వేరు. పెన్సిల్వేనియాలో చాలా ఊళ్లలో థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం బడికి సెలవు, ఎందుకంటే అది జింకల వేట రోజులు. ఫ్రీజర్లో ఆ మాంసం చలికాలమంతా ఉంటుంది. మా టౌన్‌షిప్‌కి సొంత పోలీసు లేడు. స్టేట్ పోలీసు రావాలంటే నలభై నిమిషాలు. అలాంటివాడి దగ్గర "తుపాకులు తగ్గాలి" అంటే "నీ ఇంటి తలుపు తీసెయ్" అన్నట్టు వినిపిస్తుంది. ఉత్తరాన ఉన్న కౌంటీల్లో గ్యాస్ బావుల గొడవ ఇంకొకటి. ఫిలడెల్ఫియావాడికి అది వాతావరణం సమస్య. పాల ధర పడిపోయి ఆవుల్ని అమ్ముకున్న రైతుకి, తన నేలలో తవ్వుకోనిచ్చినందుకు గ్యాస్ కంపెనీ ఇచ్చిన చెక్కు పొలాన్ని నిలబెట్టింది. అదే తవ్వకంతో బావి నీళ్లు చెడ్డాయని గోలపెట్టినవాళ్లూ ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

అన్నిటికీ వాళ్లని వెనకేసుకొస్తున్నానని అనుకోకు. నాకూ వాళ్లతో పేచీ ఉంది. ప్రభుత్వం మాకేమీ చేయలేదంటారు గానీ, 1930ల్లో పట్నాల్లో దీపాలు వెలుగుతుంటే పదింట తొమ్మిది పొలాలకి కరెంటే లేదు. 1936 చట్టంతో అప్పులిచ్చి తీగలు వేయించింది ప్రభుత్వమే. నీ కొత్త ఆస్పత్రి తలుపులు తెరిచి ఉన్నాయంటే మెడికేర్, మెడికెయిడ్ (ముసలివాళ్లకీ, పేదవాళ్లకీ ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమాలు) డబ్బుల వల్లే. 2010 నుంచి ఈ దేశంలో వందకు పైగా పల్లె ఆస్పత్రులు మూతపడ్డాయి. ఒకసారి ఈ మాట అంటే మాంసం కొట్టాయన, "మెడికేర్ మేం జీతంలోంచి కట్టుకున్నదే కదా, అది ప్రభుత్వం ఇచ్చిందెలా అవుతుంది?" అన్నాడు. నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఇంకో పొరపాటు చేయకు. పల్లె అంటే పుట్టుకతోనే రిపబ్లికన్ అనుకోకు. 1992లో డెమొక్రాట్ బిల్ క్లింటన్ సుమారు 1,500 కౌంటీలు గెలిచాడు. 2020లో బైడెన్ దేశం మొత్తం మీద అంతకంటే చాలా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నా గెలిచిన కౌంటీలు ఐదు వందల చిల్లరే. దేశంలో ఉన్నవి మూడు వేల పైన. కెంటకీ కొండల్లో ఎలియట్ కౌంటీ అని ఉంది. 1869లో ఏర్పడిన నాటి నుంచి 2012 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమొక్రాట్‌కే వేసింది, ఒబామాతో సహా. 2016లో ట్రంప్‌కి దాదాపు 70 శాతం వేసింది. వెస్ట్ వర్జీనియా 1988లో దేశంలో ఎక్కువ భాగం రిపబ్లికన్ పెద్ద బుష్ వైపు పోతే డెమొక్రాట్ డుకాకిస్‌కి వేసిన రాష్ట్రం. ఇప్పుడు అక్కడ ఒక్క కౌంటీ కూడా నీలం కాదు.

ఏం జరిగింది మధ్యలో? నా ముసలి పేషెంట్లలో గనిలో, మిల్లులో చేసినవాళ్లుండేవారు. వాళ్ల ఓటు సంగతి యూనియన్ హాల్లో తేలేది. జీతం, పెన్షన్, ఆస్పత్రి ఖర్చు, మాటలన్నీ వాటి చుట్టూనే. గని మూతపడింది, మిల్లు పోయింది, వాటితో యూనియన్ హాలూ పోయింది. మిగిలినవి చర్చి, టీవీ. అప్పుడు గర్భస్రావం, తుపాకీ, వలసలు ముందుకొచ్చాయి. ఊరి వార్తాపత్రిక కూడా మూసేస్తే, ఊళ్లో వంతెన గురించి రాసేవాడు లేడు, వాషింగ్టన్ గురించి అరిచేవాళ్లు మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఉన్నారు. ఇక పిల్లలు. హైస్కూల్లో ఫస్టు వచ్చిన పిల్ల కాలేజీకి పోతుంది, పిట్స్‌బర్గ్‌లోనో ఫిలడెల్ఫియాలోనో ఉద్యోగం, ఇక తిరిగి రాదు. ఆ పిల్ల ఓటు కూడా ఆమెతోనే పట్నం చేరుతుంది. ఏటా ఇలా జల్లెడ పడుతూ పోతే, డిగ్రీ ఉన్నవాళ్లు ఒకవైపు, లేనివాళ్లు ఒకవైపు పోగయ్యారు. పల్లె, పట్నం తేడా అని మనం అనేదాంట్లో పెద్ద వాటా ఈ చదువు తేడాదే. యూనివర్సిటీ ఉన్న ఊరు మొక్కజొన్న చేల మధ్యలో ఉన్నా నీలంగానే ఉంటుంది, కాన్సస్‌లో లారెన్స్ చూడు.

పల్లెలన్నీ ఒకటీ కావు. అలబామా, మిసిసిపీల్లో ఒకప్పటి పత్తి నేలల్లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న పల్లె కౌంటీలు గట్టి డెమొక్రాట్లు. వెర్మాంట్ రాష్ట్రం చాలావరకు పల్లే, అయినా నీలం. టెక్సస్ సరిహద్దులో దాదాపు అందరూ లాటినోలే ఉన్న స్టార్ కౌంటీ, నూరేళ్లకు పైగా డెమొక్రాట్లకే వేసి, 2024లో ట్రంప్‌కి వేసింది. అందుకని సూత్రాలు ఎక్కువ నమ్మకు.

సరే, నువ్వు ఎలా ఉండాలో చెప్తాను. "ఎవరికి వేశారు" అని అడగకు. "ఎందుకు వేశారు" అని అసలే అడగకు. 2016 ఎన్నికల మర్నాడు మా క్లినిక్ భోజనాల గదిలో నేను, "చదువుకున్నవాడెవడూ ఇలా వేయడు" అని నోరు జారాను. ఫ్రంట్ డెస్క్ ఆవిడ టప్పర్‌వేర్ మూతపెట్టి లేచి వెళ్లిపోయింది. రెండు వారాలు నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. ఆవిడకి డిగ్రీ లేదు. నా అపాయింట్‌మెంట్లు, నా బిల్లులు, నా మతిమరుపు అన్నీ మోసింది ఆవిడే. తర్వాత క్షమాపణ అడిగాను గానీ, ఆ గదిలో మునుపటి నవ్వు నాకు మళ్లీ వినిపించలేదు.

దానికి బదులు ఊరి గురించి అడుగు. "ఈ రోడ్డు ఎప్పుడు బాగుచేస్తారు? ఈ మిల్లులో ఏం చేసేవారు? పిల్లలెక్కడున్నారు?" విస్కాన్సిన్ యూనివర్సిటీలో కేథరిన్ క్రేమర్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి పల్లెల్లో పెట్రోలు బంకుల దగ్గర పొద్దున్నే కాఫీ తాగే ముసలాళ్ల పక్కన కూర్చుని విన్నది. ఆవిడకి పదేపదే వినపడినవి మూడే. నిర్ణయాలు మా చేతిలో లేవు, డబ్బు మా దాకా రాదు, మేమంటే పట్నంవాళ్లకి లెక్కలేదు. ఈ మూడోది నువ్వు బాగా పట్టించుకో. మొదటి రెంటి మీద అంకెలతో వాదించొచ్చు, నేనూ వాదించాను. మూడోదాని మీద అంకెలు పనిచేయవు. నీకు ఓటు లేదు, అది నీకు కలిసొచ్చే సంగతి. ఓటు లేని డాక్టరమ్మ ముందు మనుషులు తేలిగ్గా మాట్లాడతారు. వలసల మీద పరుషంగా మాట్లాడేవాళ్లూ ఉంటారు, వెంటనే "నువ్వు కాదులే డాక్టర్" అంటారు. మనసు చివుక్కుమంటుంది. ప్రతిసారీ నవ్వి ఊరుకోనక్కర్లేదు. "నేనూ అలా వచ్చినదాన్నే" అని ఒక్కమాట అని స్టెతస్కోపు పెట్టు.

మనవాళ్ల గురించీ ఒకమాట. మనం అటూ ఇటూ కాదు, శివార్ల జనం. టెక్సస్‌లో కాలిన్, జార్జియాలో ఫోర్సిత్, వర్జీనియాలో లౌడన్ కౌంటీలు, మన గుళ్లూ కిరాణా కొట్లూ ఉన్నచోట్లే. కాలిన్‌లో ట్రంప్ ఆధిక్యం 2016 నుంచి 2020కి బాగా తగ్గింది, 2024లో మళ్లీ పెరిగింది. రెండు పార్టీలూ వెంటపడేది ఈ శివార్ల వెంటే. అందుకే వాట్సాప్‌లో మన చుట్టాల లెక్కలు నీ కొత్త ఊరికి పనికిరావు.

ఈ నవంబర్ 3న మధ్యంతర ఎన్నికలు (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో జరిగే ఇక్కడి పార్లమెంటు ఎన్నికలు) చూస్తావు. ఆ రాత్రి తొందరపడి ఎవరితోనూ మాట్లాడకు. 2020లో మన రాష్ట్రంలో పోస్టు ఓట్లు పోలింగు రోజు పొద్దుటి దాకా విప్పకూడదన్న రూలు వల్ల, మొదటి రాత్రి ట్రంప్ లక్షల ఓట్ల ముందంజలో కనిపించాడు, శనివారానికి బైడెన్ గెలిచాడని తేలింది. చివరికి తేడా ఎనభై వేలు. చిన్న కౌంటీలు త్వరగా లెక్కపెట్టేస్తాయి, ఫిలడెల్ఫియాకి ఎక్కువ సమయం పడుతుంది. ఇందులో మోసం లేదు, కుప్ప పెద్దది. మా ఊళ్లో ఈ సంగతి వివరించి చెప్పి నమ్మించగలిగింది ఇద్దర్ని. ఇద్దరూ నా పేషెంట్లే, వాళ్లకి వేరే దారి లేదు.

అల్లుడికి చెప్పు, ఇల్లు చూసేటప్పుడు ముందు బావి నీళ్లు పరీక్ష చేయించమను, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో అడిగి ఒక రాయి పాతమను. ఫైర్ కంపెనీవాళ్లు (ఆ ఊరి ఫైర్ ఇంజన్ వాలంటీర్లు) వేసవిలో చికెన్ బార్బెక్యూ పెడతారు, టికెట్లు అమ్ముతూ తలుపు కొడతారు. రెండు కాదు, నాలుగు కొను. ఆ ఆదివారం నేనూ మీ అత్తయ్యా వస్తాం.

ఇట్లు,
మీ మామయ్య
క్యాంప్ హిల్, పెన్సిల్వేనియా