చక్కెర తక్కువగా, మాంసం లేకుండా, ముడిధాన్యాలతో భోజనం ఎలా అమర్చుకోవాలి?

మాంసం తినకుండా, చక్కెర తగ్గించి, ముడిధాన్యాలతో విసుగు పుట్టని భోజనం ఎలా అమర్చుకోవాలన్నది ప్రశ్న. ముందుగా ధాన్యాన్ని మార్చుకుంటూ ఉండండి: ఒకనాడు జొన్నరొట్టె, మరొకనాడు కొర్రన్నం, ఇంకొకనాడు రాగిసంగటి, మధ్యలో దంపుడు బియ్యం. కొర్రలు, సామలు, అండుకొర్రల వంటివాటిని వండే ముందు కొన్ని గంటలు నానబెట్టకపోతే మెతుకు బిరుసుగా మిగిలిపోతుంది. చాలామంది చిరుధాన్యాలను వదిలేయడానికి కారణం రుచి కాదు, నానబెట్టకుండా వండే ఈ తొందరేనని నా అభిప్రాయం.

ధాన్యాల మాంసకృత్తుల్లో లైసిన్ (శరీరానికి ఆహారం నుంచే అందవలసిన ఒక అమైనో ఆమ్లం) తక్కువ, పప్పుల్లో ఎక్కువ. అందువల్ల కొర్రన్నంలోకి గోంగూర పప్పు, జొన్నరొట్టెలోకి అలసందల కూర వంటి జతను ఏ పూటా మరువకూడదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అయితే మెత్తటి పిండితో కాచిన జావ, గింజగా వండిన అన్నం కన్నా త్వరగా అరిగి రక్తంలో చక్కెరను వేగంగా పెంచగలదు కాబట్టి, దానిని రోజూ తాగే మధుమేహ రోగులు ఈ తేడాను తప్పక గమనించాలి.

బెల్లం, తేనె కూడా చక్కెర లెక్కలోకే వస్తాయి. పాలు, పెరుగు కూడా మానేసినవారికి బి12 విటమిన్ లోపించే ప్రమాదం ఉన్నందున వారు వైద్యుని సలహాతో మాత్రలు వాడాలి. మధుమేహానికి మందులు తీసుకునేవారు ఆహారం మార్చేముందే వైద్యునికి చెప్పాలి, ఎందుకంటే మందు మోతాదు మార్చవలసి రావచ్చు.