స్వరకర్త ఎవరు, కూర్పు ఎవరిది?

సందేహం: రష్యన్ సంగీతకారుడు ముసోర్గ్‌స్కీ పియానోకు రాసిన 'పిక్చర్స్ ఎట్ ఎన్ ఎగ్జిబిషన్'ను ఫ్రెంచ్ సంగీతకారుడు రావెల్ ఆర్కెస్ట్రాకు మార్చారని చదివాను. ఇద్దరినీ స్వరకర్తలనే రాయాలా? రావెల్ చేసినదాన్ని 'స్వరకల్పన' అనవచ్చా?

సమాధానం: రావెల్ గొప్ప స్వరకర్తే. ఈ రచనకు మాత్రం కాదు. 1874లో ముసోర్గ్‌స్కీ రాసిన స్వరాలనే ఆయన 1922లో వాద్యాలకు పంచారు. మొదటి వరసను ట్రంపెట్ ఒంటరిగా ఎత్తుకోవడం, 'పాతకోట' అనే ఘట్టంలో పాటను ఆల్టో శాక్సఫోన్‌కు అప్పగించడం రావెల్ నిర్ణయాలు. అదేమీ చిన్న పని కాదు. పియానో మీట నొక్కగానే నాదం తగ్గిపోవడం మొదలవుతుంది; వయొలిన్ మీద కమాను ఆడినంతసేపూ నిలుస్తుంది. అందుకే ఏ స్వరం ఎవరి చేతికి ఇవ్వాలన్నది పెద్ద ప్రశ్నే.

'స్వరకల్పన' వద్దు. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఆ మాట వినగానే కల్పనస్వరాలు, అంటే గాయకుడు అప్పటికప్పుడు అల్లేవి, గుర్తొస్తాయి. ఇక్కడ ప్రతి స్వరమూ ముందే కాగితం మీద ఉంది. 'స్వరపరిచారు' అన్నదీ నా చెవికి అతకదు. సాహిత్యం ముందుంటే దాన్ని స్వరపరుస్తాం. మాటలే లేని సింఫనీని స్వరపరచడమేమిటి? 'సింఫనీ రాశారు' అంటే సరిపోతుంది. నిజంగా రాసేదే కదా.

అసలు చిక్కు 'కూర్చు'తో వస్తుంది. కూర్చడమంటే ఒకచోట చేర్చడం, పొందిక చేయడం. పుస్తకం మొదటి పేజీలో 'రచన' అంటే రాసినవారు, 'కూర్పు' అంటే ఉన్నవాటిని ఏర్చి ఒక క్రమంలో పెట్టినవారు. ఈ తేడా ఎవరికీ చెప్పక్కర్లేదు. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'సంగీతం కూర్చినవారు' అంటే స్వరకర్త అయిపోయారు. వాడుకలో స్థిరపడింది కాబట్టి తప్పనను. అయితే ఇద్దరి పేర్లూ పక్కపక్కన వచ్చినప్పుడు ఒట్టి 'కూర్పు' అయోమయం పెడుతుంది. 'రచన: ముసోర్గ్‌స్కీ, వాద్యాల కూర్పు: రావెల్' అని రాయండి. 'వాద్య సంయోజనం' అనీ అనవచ్చు గానీ, కొంచెం బరువు. 'అరేంజర్' అన్నా అభ్యంతరం లేదు, సంగీతం చేసేవాళ్లు అనేది అదే.

మీ ప్రశ్నలో 'ఆర్కెస్ట్రాకు మార్చారు' అన్నారు చూడండి, మామూలు వాక్యంలో అది చాలు.