డబ్బు తిరిగి పంపేసిన మామయ్య

ప్రశ్న: మాది కావలి. నాన్న పోయాక ఇంటర్ నుంచి బీటెక్ దాకా విడవలూరు దగ్గర మా మేనమామ ఇంట్లో ఉండి నెల్లూరులో చదువుకున్నాను. ఫస్టియర్లో మ్యాథ్స్ పోతే అమ్మకి చెప్పకుండా సప్లీ ఫీజు కట్టిన మనిషి ఆయన. ఈమధ్య తెల్లమచ్చ రోగం వచ్చి ఆయన రొయ్యల చెరువులు దెబ్బతిన్నాయని తెలిసి, ఫోన్‌పేలో 50 వేలు వేసి ‘థ్యాంక్స్ మామా’ అని మెసేజ్ పెట్టాను. ఆ రాత్రే తిరిగి వేసేశాడు. ‘లెక్క తేల్చుకుంటా ఉండావా?’ అన్నాడు. అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయాలి?

జవాబు: డబ్బు పంపడం తప్పు కాదు. దాని వెంట ఆ మెసేజ్ వెళ్ళడంతో వచ్చింది చిక్కు. ఇన్నేళ్లు పెట్టిన అన్నానికి రసీదు ఇచ్చినట్టు తోచింది ఆయనకు. అసలే చెరువులు పోయి చెయ్యి కిందైందని కుమిలిపోతున్న మనిషి.

మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయకండి. ఉత్తరం రాయండి. చేత్తో, తెలుగులో. టెన్త్ తర్వాత తెలుగు రాయలేదు, ఒత్తులు తప్పుతాయంటారేమో, తప్పనివ్వండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు అమెరికాలో కొందరి చేత మేలు చేసినవాళ్ళకి ఇలా కృతజ్ఞత చెప్పే ఉత్తరాలే రాయించి, ఆ ఫలితాలు 2018లో ప్రచురించారు. మాటలు కుదరవేమో, అవతలివాళ్ళు ఇబ్బంది పడతారేమో అని రాసినవాళ్ళకే టెన్షన్. అందుకున్నవాళ్ళు మాత్రం వీళ్ళు ఊహించినదానికన్నా ఎక్కువే సంతోషించారు. అవి ఈమెయిల్లో వెళ్ళాయి లెండి. మీ మామయ్యకి జేబులో పెట్టుకునే కాగితం కావాలి.

‘మీ మేలు జన్మలో మరువలేను’ అని మాత్రం రాయకండి. ఆ ముక్క ఎవరైనా ఎవరికైనా రాయొచ్చు. ఆ సప్లీ ఫీజు దగ్గరే మొదలుపెట్టండి. ఆ రోజు ఆయన ఏమన్నాడు, ఏమీ అనకుండా ఆత్మకూరు బస్టాండు దగ్గర కారం దోసె తినిపించి ఇంటికి తీసుకెళ్ళాడా, మీకు గుర్తున్నది గుర్తున్నట్టు రాయండి. అలాంటివి రెండు చాలు.

ఇంకోటి. మీరు రాసినదాంట్లో అత్తయ్య ఊసే లేదు. పొద్దున్నే బస్సు టైముకి క్యారియర్ కట్టి ఇచ్చిందెవరు? మన ఇళ్ళలో మేలు చేసినవాడంటే ఫీజు కట్టినవాడే. వండిపెట్టిన మనిషి లెక్కలోకి రాదు. ఉత్తరం ఇద్దరి పేరా రాయండి, ఆవిడ సంగతి విడిగా రాయండి.

డబ్బు మాట, సంజాయిషీ, ‘రుణం తీర్చుకుంటా’ లాంటివి అందులో వద్దు. చెరువుల మీద అప్పు ఉంటే అది తర్వాత మీ అమ్మని పక్కన పెట్టుకుని మాట్లాడుకోవలసిన విషయం.

ఇలాంటి ఉత్తరాన్ని స్వయంగా తీసుకెళ్ళి ఇమ్మనే మానసిక నిపుణులూ ఉన్నారు. మీకు నేనది చెప్పను. మీరు ఎదురుగా కూర్చుంటే ఆయనకి ఏం మాట్లాడాలో తెలియక చెరువు గట్టుకి వెళ్ళిపోతాడు. పోస్టులో వేయండి.

జవాబు వస్తుందని ఎదురుచూడకండి. ఆయన రాసే రకంలా లేడు. బహుశా అత్తయ్యే ఫోన్ చేసి, ఎప్పుడొస్తావని అడుగుతుంది. వెళ్ళండి. ఉత్తరం ఊసు మీరుగా ఎత్తకండి.