మాక్రోలో లెక్కలకి భయపడకండి, వడ్డీ ఎవరిదో చూడండి

"డిగ్రీలో ఎకనామిక్స్ ఎలాగో గట్టెక్కాను, ఎం.ఏ.లో మాక్రో చాలా కష్టమంటున్నారు, నాకు లెక్కలంటే టెన్షన్, నెట్టుకురాగలనా?" అని కదా మీరు అడిగింది.

నెట్టుకొస్తారు. మాక్రో అంటే దేశం మొత్తం ఆదాయం, ధరలు, వడ్డీల సంగతి చూసే అర్థశాస్త్రం. మిమ్మల్ని ఎవరు భయపెట్టారో గానీ, ఐఎస్-ఎల్ఎం మోడల్ అంటే సరుకుల మార్కెట్‌కి ఒకటి (ఐఎస్), డబ్బు మార్కెట్‌కి ఒకటి (ఎల్ఎం), రెండు సమీకరణాలు, తెలియనివి ఆదాయం, వడ్డీ రెండు, అంతే. పదో తరగతిలో చేసిన లెక్కలే. గుణకం, అంటే ఒక రూపాయి ఖర్చు పెరిగితే ఆదాయం ఎన్ని రూపాయలు పెరుగుతుందో, అది కట్టాలంటే వినియోగ ప్రవృత్తి (అదనంగా వచ్చిన రూపాయిలో ఖర్చయ్యే వాటా) 0.8 వేయండి, 1ని 0.2తో భాగిస్తే 5 వస్తుంది. ఆర్థిక వృద్ధిని వివరించే సోలో మోడల్ దగ్గర కాస్త కలనం (కాలిక్యులస్) తగులుతుంది, కూర్చుంటే అదీ లొంగుతుంది. అసలు కష్టం అది కాదు. రేఖని కుడికీ ఎడమకీ జరపడం అందరికీ వచ్చేస్తుంది, ఆ రేఖ జరిగితే ఎవరి జేబుకి చిల్లు పడిందో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

2016 నవంబరు 8 రాత్రి పాత 500, 1000 నోట్లు రద్దయ్యాయి. చెలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం అవే. నేనప్పుడు ఎం.ఏ. మొదటి ఏడాది. మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి, ద్రవ్య సప్లయ్ తగ్గింది కాబట్టి ఎల్ఎం ఎడమకి జరుగుతుంది, వడ్డీ పెరుగుతుంది, ఆదాయం తగ్గుతుంది అని చెప్పి తుడిచేశారు.

ఆ నెలలోనే సార్వా కోతలకని పాలకొల్లు దగ్గర మా ఊరు వెళ్లాను. బాబాయ్ కౌలు రైతు. ధాన్యం బస్తాలకెత్తి కళ్లంలో ఉంది, కొనేవాడి దగ్గర డబ్బు లేదు. అప్పటి మద్దతు ధర క్వింటాలుకి 1470, అంటే 75 కిలోల బస్తాకి 1100 పైచిలుకు, అదంతా కమీషన్ ఏజెంటు రాసిచ్చిన చీటీ మీదే. బ్యాంకులో వారానికి 24 వేలే ఇచ్చేవాళ్లు, అదీ పొద్దుటి నుంచీ లైన్లో నిలబడితే, అదీ కొత్త రెండు వేల నోట్లలో. సాయంత్రం కూలీలు గట్టు మీద కూర్చుని ఉంటే బాబాయ్ అయిదుగురికి కలిపి ఒక నోటు చేతిలో పెట్టాడు. అయిదుగురూ కలిసే కిరాణా కొట్టుకి నడిచారు. చిల్లర ఎక్కడిది? కొట్టాయన నోటు గల్లాపెట్టెలో వేసుకుని, పొడుగాటి ఖాతా పుస్తకం తీసి అయిదు పేర్లు రాసి, ఒక్కో పేరు పక్కన నాలుగొందలు జమ చేశాడు. ఉప్పూ పప్పూ నూనే అన్నీ అందులోంచే కోత. "నా పేరు మీద ఇంకా ఎంతుందండీ?" అని మర్నాడు ఒకావిడ వచ్చి అడిగింది. డిపాజిట్టు, బ్యాలెన్సు, చెల్లింపు, అన్నీ ఆ కొట్లోనే జరిగిపోయాయి. బ్యాంకింగ్ చాప్టర్ నాకు అర్థమైంది అక్కడే, క్లాసులో కాదు.

ఆ రోజుల్లోనే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ మూడయింది. అయితే మాస్టారి బొమ్మ కరెక్టేగా అంటారా? ఆగండి. 2017 జనవరి 1న స్టేట్ బ్యాంకు తన రుణాల వడ్డీని 0.90 శాతం తగ్గించింది. ఎందుకంటే రద్దయిన నోట్లు వరదలా డిపాజిట్లలోకి వచ్చి పడ్డాయి. ఎంతగా అంటే, పెరిగిన డిపాజిట్లకి నూటికి నూరూ నగదు నిల్వగా పెట్టమని రిజర్వు బ్యాంకు నవంబరు 26న ఆదేశించి, కొన్నాళ్లు అలాగే ఉంచింది. జేబులోని నోటు ఖాతాలోకి మారినంత మాత్రాన మొత్తం ద్రవ్యం అంత పడిపోదు. బ్యాంకు గుమ్మం ఎక్కగలిగినవాడికి వడ్డీ తగ్గింది, ఎక్కలేనివాడికి పెరిగింది. నన్నడిగితే ఒకే దేశంలో రెండు ఎల్ఎం రేఖలున్నాయి, ఎవరు కాదన్నా సరే. తిరిగొచ్చి మాస్టారిని అడిగితే "పరీక్షకి అదంతా అక్కర్లేదయ్యా" అన్నారు.

కౌలు రైతు సంగతే చూడండి. పట్టాదారు పాస్‌బుక్ భూమిగలాయన పేరున ఉంటుంది కాబట్టి తక్కువ వడ్డీ పంట రుణం ఆయనకి వెళ్తుంది. చేలో దిగేవాడు ఏజెంటు దగ్గర అప్పు తెచ్చి, పండిన ధాన్యం ఆయనకే తోలాలి. రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) తగ్గితే పెట్టుబడి పెరుగుతుందని ధీమాగా రాసేవాళ్లు, ఆ తగ్గింపు ఈ మనిషి దాకా ఏ దారిన వస్తుందో ఒక్క లైను కూడా రాయరు.

ఇంకో విడ్డూరం, ఆ ఐఎస్-ఎల్ఎం బొమ్మ హిక్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1937లో గీసింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు పట్టుకునేది ద్రవ్య పరిమాణాన్ని కాదు, వడ్డీ రేటుని. ద్రవ్యోల్బణానికి 4 శాతం, అటూ ఇటూ 2 అని 2016 నుంచి లక్ష్యం కూడా ఉంది. ఆదాయం ఎటు మారినా వడ్డీని రిజర్వు బ్యాంకు అనుకున్నచోటే నిలబెడుతుంది, అంటే ఎల్ఎం దాదాపు అడ్డగీత అయిపోయింది. గైడ్లలో మాత్రం ఇంకా పైకి ఎగబాకుతూనే ఉంటుంది, పరీక్షలో మీరూ అలాగే గీయండి, లేకపోతే మార్కులు పడవు.

చివర్లో ఉంది కదా అని ఓపెన్ ఎకానమీ చాప్టర్, అంటే విదేశాలతో జరిగే లావాదేవీల పాఠం, వదిలేయకండి. భీమవరం రొయ్యలు, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు పంపే డబ్బు, రూపాయి మారకం, మన ప్రాంతానికి కావాల్సిందంతా అందులోనే ఉంది. మా బ్యాచ్‌కి అది మొదలుపెట్టకుండానే సెమిస్టర్ అయిపోయింది, పేపర్లో మాత్రం దాని మీద పెద్ద ప్రశ్నే ఇచ్చారు.